వేట నిషేధం మీకు కాదా బాబులూ?

సెలవులకి ఫ్రెండ్సుతో కళింగపట్నమో చింతపల్లో పోయి, ఊపిరి బిగబట్టి సముద్రంలో మునిగి, స్పియర్ గన్‌తో చేపని పొడిచి ఫొటో పెట్టడం... మా కొలీగ్స్ కొందరికీ, వాళ్ళ కాలేజీ తమ్ముళ్ళకీ పట్టిన కొత్త సరదా ఇది.

సరదా పడండి, కాదన్లేదు. కానీ ఎప్పుడు? తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. సరిగ్గా మన ఎండాకాలం సెలవులూ అప్పుడే!

"నిషేధం మరబోట్లకీ ఇంజను పడవలకే కదా, మాకేంటి?" అంటాడొకడు. రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటులో రాయలేదు కాబట్టి బగ్ కాదనే రకం. "మేం వలేసి పిల్లచేపల్ని ఊడ్చెయ్యట్లేదు, చూసి ఒక్కదాన్నే కొడతాం" అంటాడు ఇంకొకడు. ఇందులో కొంత నిజముంది, ఒప్పుకోవాలి. కానీ చూసి కొట్టేది దేన్నండీ? ఫొటోలో ఘనంగా కనబడే పెద్దదాన్ని. ఎక్కువ గుడ్లు పెట్టేదీ అదే. రాళ్ళ మధ్య బతికే గ్రూపర్లలో చాలా రకాలు ఆడవిగా మొదలై, పెద్దయ్యాక మగవవుతాయి. పెద్దవాటినే ఏరేస్తే ఇక మిగిలేదేంటి?

అవతల బోటు ఒడ్డుకి లాగేసి, వల బాగుచేసుకుంటూ కూర్చున్నాయన రెండు నెలల సంపాదన వదులుకున్నాడు. ఆ కాలానికి కుటుంబానికిచ్చే భృతిని 2025 ఏప్రిల్‌లో మన బుడగట్లపాలెంలోనే 10 వేల నుంచి 20 వేలు చేశారు. మీ ట్రిప్పు ఖర్చు పక్కన పెట్టి చూసుకోండి ఓసారి. ఆయన ముందునుంచే చేపని భుజానేసుకుని నడుస్తారా?

మునగండి (జంటగానే, ఒంటరిగా వద్దు), కెమెరా పట్టుకెళ్ళండి. ఆ గన్ను మాత్రం జూన్ 15 దాకా అటక మీద ఉండనివ్వండి.