ట్రైలర్‌లో చచ్చేదీ మనమే, చంపేదీ మనమేనా?

 

మా కాలేజీలో గ్రూప్ ప్రాజెక్ట్ ఇచ్చారు. ఒక సినిమా ఊహించుకొని దాని ట్రైలర్ మాత్రం తీయాలి, ఒకటిన్నర నిమిషం. మా గ్రూపు స్లాషర్ ఎంచుకుంది. ముసుగేసుకున్నోడు కత్తి పట్టుకొని ఒక్కొక్కరినీ చంపుకుంటా పోతాడు, చివరికి ఒక అమ్మాయి మిగుల్తుంది, ఆ రకం సినిమా. తీసే ముందు ప్రేక్షకుల్ని సర్వే చేసి, దాన్నిబట్టి ప్లాన్ రాయాలని సార్ షరతు పెట్టారు.

మావాళ్ళు గూగుల్ ఫామ్ చేసి క్లాసు వాట్సాప్ గ్రూపులో వేశారు. "హంతకుడు ఎవరైతే ఎక్కువ భయమేస్తుంది?" అని ఒక ప్రశ్న. కింద నాలుగు ఆప్షన్లు: డాక్టర్, క్లాస్‌మేట్, పిచ్చోడు, కొండ మీది అడవి మనిషి. ఎక్కువ టిక్కులు అడవి మనిషికే పడ్డాయి. ఆ సాయంత్రానికే బొమ్మ గీసేశారు. మాసిన లుంగీ, తలకూ మొహానికీ చుట్టిన తువ్వాలు, చేతిలో కొడవలి, చీకట్లో కొండ దిగి వస్తున్నాడు.

ఆ బొమ్మ చూసి నాకు మాట రాలేదు. మాది సీతారామపురం దగ్గర యానాది కాలనీ. మా నాయన వెలిగొండకు తేనెకు పోయి, పొద్దుగూకినాక దిగొచ్చేది అచ్చం అట్నే. చిన్నప్పుడు ఆ తువ్వాలు దూరంగా కనపడగానే నేనూ మా తమ్ముడూ ఎదురు పరిగెత్తేవాళ్ళం. పైగా ఆ ట్రైలర్‌లో మొదట చచ్చే హాస్టల్ అమ్మాయి వేషం నాకే ఇచ్చారు. అంటే చచ్చేది నేను, చంపేది మా నాయన. ఒక రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. రెండో రోజు మాట్లాడాను. అప్పుడు చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

సర్వే చెయ్యడం తప్పని నేను అనను. ప్రేక్షకుల్ని పట్టించుకుంటే చిన్న సినిమా కూడా ఎంత దూరం పోతుందో 'పారానార్మల్ యాక్టివిటీ' చూస్తే తెలుస్తుంది. చాలా తక్కువ డబ్బుతో ఒక ఇంట్లోనే తీశారు. 2009లో రిలీజ్ చేసేటప్పుడు, మీ ఊరికి ఈ సినిమా కావాలా అని జనాన్నే ఆన్‌లైన్లో ఓటడిగారు. ట్రైలర్‌లో హాల్లో కూర్చున్నోళ్ళు ఉలిక్కిపడేది చీకట్లో తీసి చూపించారు. వాళ్ళ భయం చూసే మనకు సగం భయమేస్తుంది. ప్రేక్షకుల్ని చదవడం అంటే అది.

మా సర్వేలో రెండు లోపాలున్నాయి. ఒకటి, అడవి మనిషి అనే మాట జనం చెప్పలేదు, ఆప్షన్‌గా మేమే పెట్టాం. మేం పెట్టిందే మాకు తిరిగొచ్చింది. రెండోది, ఆ ఫామ్ ఎవరికి చేరింది? టౌన్లో ఇల్లుండి, నెట్ ఉన్నోళ్ళకు. మా హాస్టల్లో ఒక ఫోన్ మీద ఇద్దరు ముగ్గురు బతుకుతారు. డేటా అయిపోతే అంతే. వాళ్ళ టిక్కు ఒక్కటీ పడలేదు.

అందుకని నేను ఒక నోట్‌బుక్ తీసుకొని మెస్ లైన్లో నిలబడి అడిగాను. ఆప్షన్లు ఇవ్వలేదు. "ఈ మధ్య నీకు నిజంగా గుండె ఝల్లుమన్నది ఎప్పుడు?" అన్నాను, అంతే. కరెంటు పోయినప్పుడు వరండా చివర బాత్రూంకి ఒంటరిగా పోవడం అన్నారు. తెలియని నంబర్ నుంచి రోజూ అదే టైముకు మిస్డ్ కాల్ అన్నారు. బస్సు దిగిన కాడి నుంచి గేటు దాకా మెల్లగా వెంటొచ్చే బండి అన్నారు. అడవి మనిషి అని ఒక్కరూ అనలేదు. తండా నుంచి వచ్చిన చెల్లెలొకతి, "అడవిలో ఏం భయమక్కా, టౌన్లోకి వచ్చినాకే" అంది. వీడియోలు ఎట్ల చూస్తారో కూడా అడిగాను. పక్కన పడుకున్నోళ్ళు లేస్తారని సౌండ్ తీసేసి చూస్తామని చాలామంది చెప్పారు. ట్రైలర్ మొదటి పది సెకన్లు సౌండ్ లేకుండానే అర్థం కావాలని నాకు అప్పుడు తెలిసింది.

గ్రూపులో ఒకతను అన్నాడు, "సినిమాయే కదా, మనసుకు తీసుకోవద్దు" అని. సినిమాకైతే రెండు గంటలుంటాయి. ఆ మనిషి ఎందుకట్లయ్యాడో చెప్పొచ్చు, అసలు హంతకుడు వేరేవాడని తేల్చొచ్చు. వంశీ 'అన్వేషణ' 1985లో వచ్చింది. అడవిలో పులి చంపిందనుకున్న చావుల వెనక మనిషి ఉన్నాడని తేలేది కథ నడిచినాకే. ట్రైలర్‌కు అంత టైం లేదు. లుంగీ, కొడవలి, కొండ చూపించి, మిగతాది చూసేవాడి బుర్రలో ముందే ఉన్నదాని మీద వదిలేస్తుంది. అందుకే అపకారం ట్రైలర్‌లోనే ఎక్కువ. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' సినిమా అక్టోబర్లో రిలీజైంది. స్టువర్టుపురాన్నీ, ఎరుకల వాళ్ళనీ కించపరుస్తుందని హైకోర్టుకు పోయింది మాత్రం అంతకుముందే, ఆగస్టులో, టీజర్ చూసి.

బుర్రలో ముందే ఉన్నది ఎక్కడి నుంచి వచ్చింది? 1871లో తెల్లోళ్ళు కులాలకు కులాలనే పుట్టు నేరస్థులని రాసే చట్టం చేశారు. 1911లో అది మద్రాసు రాష్ట్రానికొచ్చింది. 1952లో రద్దయింది. చట్టం పోయింది, అలవాటు పోలేదు. ఇప్పటికీ ఊళ్ళో కోడి పోతే మొదట చూపు మన కాలనీ మీదికే.

నేను మాట్లాడినాక సార్ రెండు సర్వేలూ పక్కపక్కన పెట్టి చూశారు. ప్లాన్ మారింది. ఇప్పుడు ట్రైలర్ ఫోన్ స్క్రీన్ మీద మిస్డ్ కాల్స్ లెక్క పెరగడంతో మొదలవుతుంది. తర్వాత చీకటి వరండా, సెల్ టార్చి, గేటు బయట ఆగిన బండి. హంతకుడి మొహం కనపడదు. ఇస్త్రీ చేసిన చొక్కా చెయ్యి, మంచి వాచీ మాత్రం కనపడతాయి. ఒకరిద్దరికి కోపమొచ్చింది, నాతో మాట్లాడ్డం లేదు. పర్లేదు.

జనం దేనికి భయపడతారో సర్వే చెప్తుంది. ఆ భయాన్ని పెంచాలా వద్దా అన్నది తీసేవాళ్ళే తేల్చుకోవాలి. మీ కాలేజీలో ఇట్లాంటిది జరిగితే నాలాగా ఒక రోజు పోగొట్టుకోవద్దు. ఆప్షన్లు ఎవరు రాశారో అడగండి. ఎవరిని అడగలేదో అడగండి. తెరమీద ఎవరి బొమ్మ పడుతుందో, వాళ్ళనొక మాట అడిగారా అని గట్టిగా అడగండి.

ఈసారి ఊరికి పోయినప్పుడు ట్రైలర్ మా నాయనకు చూపిస్తా. ఆయన భయపడితే మేం పాసైనట్టే.