ఒక్కరోజు శిబిరాలు, ఏడాది పొడుగునా రోగాలు

ఉద్యోగ విరమణ తరువాత కొండాపూర్‌లో మా అబ్బాయి వద్ద ఉంటున్న నన్ను, ఇక్కడి సేవాసంఘం ఒకటి వైద్య సలహాదారుగా చేర్చుకొన్నది. సభ్యులలో ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, మా పిల్లల వయస్సువారు. ప్రతి శనివారం సాయంత్రం సమావేశమవుతారు. వారంలో అయిదు దినములు కంప్యూటర్ల ముందు గడిపి, మిగిలిన రెండు దినములలో ఒకదానిని పరుల కొరకు కేటాయించే యువతను చూస్తే నాకు గౌరవమే. మొక్కలు నాటుతారు, ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలకు లెక్కలు చెబుతారు, చెరువు గట్లపై ప్లాస్టిక్ చెత్త ఏరుతారు, వైద్య శిబిరాలు, రక్తదాన శిబిరాలు నిర్వహిస్తారు. ఈ చివరి రెండింటి విషయంలోనే నాకు వారితో వాదన. వారి సమక్షంలో చెప్పినదే ఇక్కడ వ్రాస్తున్నాను.

రెండేళ్ళ క్రితం నానక్‌రాంగూడ సమీపాన, నిర్మాణ కార్మికులు నివసించే రేకుల షెడ్ల వద్ద ఒక ఆదివారం వైద్య శిబిరం పెట్టాము. షామియానా, బ్యానరు, అల్పాహారం అన్నీ అమరినవి. మధ్యాహ్నానికి రెండు వందలమందికి పైగా రక్తపోటు, రక్తంలో చక్కెర చూశాము. పాలమూరు నుంచి వచ్చిన తాపీమేస్త్రి ఒకతను, నలభై దాటిన మనిషి, నా బల్ల ముందు కూర్చొన్నాడు. రక్తపోటు 190/116. కొంతసేపు కూర్చోబెట్టి మరల చూసినా పెద్దగా తగ్గలేదు. తలనొప్పి ఉన్నదా అని అడిగితే, “నాకేం లేదు సారూ, మావోళ్ళు తోలుకొస్తే వచ్చిన” అన్నాడు. పది దినములకు సరిపడా మాత్రలిచ్చి, ఉప్పు తగ్గించమని, పెద్దాసుపత్రికి వెళ్ళమని చెప్పి పంపాను.

నాలుగు నెలల తరువాత ఆ నిర్మాణస్థలపు సూపర్‌వైజరు కలిసి చెబితే తెలిసింది, అతనికి కుడి ప్రక్క పక్షవాతం వచ్చి, మాట పడిపోయి, ఊరికి తీసుకొనిపోయారని. మాత్రలు అయిపోయాయి. ఒంట్లో బాగానే ఉన్నది కనుక మళ్ళీ కొనలేదు. ఆసుపత్రికి వెళితే ఆ దినపు కూలి పోతుంది. ఇందులో అతని తప్పు నాకేమీ కనబడదు. పదకొండవ దినమున ఆ మనిషి ఏమి చేయాలన్నది ఆలోచించని వైద్యుణ్ణి నేను. శిబిరం జరిగిన సాయంత్రం సంఘం వాట్సాప్‌లో ఇంతమందికి సేవ చేశామని సంఖ్యతో సహా ఛాయాచిత్రాలు వచ్చాయి. ఆ సంఖ్యలో ఆ మేస్త్రి కూడా ఒకడు.

అధిక రక్తపోటుతో వచ్చిన చిక్కు, అది బాధ పెట్టదు. 140/90కు మించిన పోటు సంవత్సరాల తరబడి ధమనుల గోడలను గట్టిపరుస్తుంది, మెదడులోని సన్నని నాళాలను బలహీనపరుస్తుంది, గుండెకు, మూత్రపిండములకు చెరుపు చేస్తుంది. అంతవరకూ మనిషికి ఏమీ తెలియదు. చికిత్స మాత్రం ఖరీదైనదేమీ కాదు. చాలామందికి రోజుకొక ఆమ్లోడిపిన్ మాత్రతో మొదలవుతుంది, అవసరమైతే రెండవ మందు కలుపుతారు. అసలు కష్టం, ఏ బాధా లేని మనిషి చేత ప్రతి దినమూ ఆ మాత్ర వేయించడం. 2017లో ఆరంభమైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమానికి మొదట ఎంచుకొన్న అయిదు రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. అందులో కొత్త మందేమీ లేదు. ఒకేసారి నెలకు సరిపడా మాత్రలివ్వడం, ప్రతి రోగికీ ఒక కార్డు పెట్టడం, గడువు దాటినా రానివారికి ఫోను చేయడం, ఇవే దాని ఆయుధాలు.

నా తరపు ప్రభుత్వ వైద్యులకు ఈ పాఠం పల్స్ పోలియో దినాలలోనే అందింది. 1995 డిసెంబరులో దేశంలో ఆ కార్యక్రమం మొదలైనప్పుడు కేంద్రాలు తెరచి పిల్లల కోసం ఎదురు చూసేవారము. ఆ తరువాతి సంవత్సరాలలో ఇంటింటికీ వెళ్ళడం ఆరంభమైనది. చుక్కలు వేసిన బిడ్డ ఎడమ చిటికెనవేలి గోటికి సిరా గుర్తు పెట్టేవారు. ఆ ఇంటి పిల్లలందరికీ వేయడం పూర్తయితే తలుపు ప్రక్క సుద్దముక్కతో ‘పి’ అని, తాళం వేసి ఉంటేనో, బిడ్డ ఊరికి వెళ్ళి ఉంటేనో, తల్లి వద్దంటేనో ‘ఎక్స్’ అని వ్రాసేవారు. సాయంత్రం సమీక్షలో మేము లెక్కించినది ‘ఎక్స్’ ఇళ్ళనే. మరునాడు మళ్ళీ వెళ్ళేది వాటికే. 1985 నుంచి పోలియో నిర్మూలనను తన కార్యంగా స్వీకరించిన రోటరీ సభ్యులు నిధులు సమకూర్చడమే కాక, కేంద్రాల వద్ద మాతోపాటు నిలబడ్డారు. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో నమోదైనది. 2014 మార్చి 27న మన ప్రాంతానికి పోలియో రహిత ధ్రువపత్రం లభించింది. ఏ ఒక్క ఆదివారం వలననూ ఆ ఫలితం రాలేదు.

సేవాసంఘాల పుట్టుకలోనే వారం వారం కలిసే అలవాటు ఉన్నది. 1905లో చికాగోలో పాల్ హారిస్ అనే న్యాయవాది మరి ముగ్గురితో మొదలుపెట్టిన సంఘం, సభ్యుల కార్యాలయాలలో వంతులవారీగా సమావేశమైనందుననే దానికి రోటరీ అన్న పేరు వచ్చింది. శతాబ్దం పైబడి వారపు సమావేశానికి హాజరు తప్పనిసరి అన్నంత పట్టుగా పాటించారు. 2016లో నెలకు రెండు సమావేశాలు చాలునన్న సడలింపు ఇచ్చారు. తీరికలేని ఈ కాలంలో అది సబబే కావచ్చు. కాని ప్రతి వారమూ ఒక చోట చేరే ముప్పయిమంది చదువుకొన్న మనుషులు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి దొరికితే ఎంత పని జరుగుతుందో, అటువంటి కేంద్రంలో పనిచేసిన నాకు తెలుసు. ఆ బలాన్ని సంవత్సరానికి రెండు పెద్ద శిబిరాలపై వెచ్చించడమే నాకు నచ్చనిది.

దీనికొక కారణం వారి పంచాంగంలో ఉన్నది. ఇటువంటి సంఘాలలో అధికంగా జులై 1న కొత్త కార్యవర్గం వస్తుంది. కొత్త అధ్యక్షులకు కొత్త పథకం కావాలి. పాతవారు మొదలుపెట్టిన రోగుల జాబితా జూన్ 30తో అనాథ అవుతుంది. కంపెనీల సంగతీ అంతే. 2013 కంపెనీల చట్టం ప్రకారం, నిర్ణీత పరిమాణం మించిన సంస్థలు తమ సగటు నికరలాభంలో రెండు శాతం సామాజిక కార్యాలకు వెచ్చించాలి. మంచి చట్టమే. కాని నివేదికలో అడిగేది ఎంతమందికి పరీక్షలు చేశారన్నది. ఎంతమంది రక్తపోటు ఆరు నెలల తరువాత అదుపులో ఉన్నదని అడిగినవారిని నేనింకా చూడలేదు.

ప్రసక్తి వచ్చింది కనుక మరొక మాట. నేను ఉద్యోగంలో ఉండగా పండ్లు పంచడానికి వార్డులకు దాతలు వచ్చేవారు. మూత్రపిండములు చెడినవారి చేతిలో కూడా రెండేసి అరటిపండ్లు పెట్టి ఫొటో తీసుకొని వెళ్ళేవారు. అరటిపండులోని పొటాషియం వారికి ప్రమాదం. దాతలు మెట్లు దిగగానే ఆ పండ్లను వెనుకకు తీసుకోవడం మా నర్సుల పని.

ఇక రక్తదానం. ఏటా ఒక దినము మూడు వందల యూనిట్లు సేకరించామని గర్వపడడం పరిపాటి. రక్తం దాచుకొనే బియ్యం కాదు. వేరుచేసిన ఎర్రకణాలు 35 నుంచి 42 దినములు, ప్లేట్‌లెట్లు 5 దినములు మాత్రమే నిలువ ఉంటాయి. కళాశాలలు మూతపడే వేసవిలో దాతలు దొరకరు. వానలు వెళ్ళి డెంగీ పెరిగేటప్పుడు ప్లేట్‌లెట్లకు పరుగులు మొదలవుతాయి. తలసీమియా పిల్లలకైతే ఋతువులతో పని లేదు. ఆ వ్యాధి తీవ్రంగా ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. సైబర్ టవర్స్ ప్రారంభమైన 1998లోనే నగరంలో ఆ పిల్లల కొరకు తలసీమియా, సికిల్ సెల్ సొసైటీ ఏర్పడింది. శివరాంపల్లిలో ఉన్నది, ఐటీ కారిడార్‌కు మరీ దూరమేమీ కాదు. అక్కడి తల్లిదండ్రులు దాతల కోసం ఎదురుచూసేది ప్రతి వారమూ.

మా సంఘానికి నేనిచ్చిన లెక్క ఇది. పురుషులు 90 దినములకు, స్త్రీలు 120 దినములకు ఒకసారి రక్తమివ్వవచ్చును. 195 మంది పురుష దాతల జాబితా ఉంటే, ప్రతి శనివారం 15 మందిని పంపండి. మొదటి 15 మంది వంతు మళ్ళీ వచ్చేసరికి 13 వారాలు, అనగా 91 దినములు గడుస్తాయి. స్త్రీల జాబితాను వేరుగా 18 వారాలకు అమర్చుకోవాలి. వయస్సు 18 నుంచి 65, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. ఆ 15 మందికి ముందునాడు ఫోను చేసే మనిషి ఒకరు కావాలి. షామియానా అక్కరలేదు.

ఒక్కరోజు శిబిరాలు పూర్తిగా వ్యర్థమని నేననను. తలసీమియా వాహక పరీక్ష జీవితంలో ఒకమారు చేస్తే చాలును. దంపతులిద్దరూ వాహకులైతే ప్రతి గర్భంలోనూ బిడ్డకు తీవ్రవ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. పెళ్ళికి సిద్ధంగా ఉన్న యువత వేల సంఖ్యలో ఒకే ఆవరణలో పనిచేసే చోట అటువంటి శిబిరం పెడితే నేను స్వయంగా వచ్చి కూర్చొంటాను.

నా వాదన సంఘంలో అందరికీ రుచించలేదు. “ప్రతి వారమూ అదే పని అయితే సభ్యులకు విసుగు పుడుతుంది డాక్టరుగారూ” అన్నారు ఒకరు. ఆ మాట నిజమే, నేను కాదనలేదు. ఆరుగురు మాత్రం సరే అన్నారు. ఇప్పటికి ముగ్గురు మిగిలారు. ప్రతి ఆదివారం ఉదయం ఏడింటికి, పనిలోకి పోని వేళ చూసి, ఒక రక్తపోటు యంత్రంతో, ఒక పొడుగు నోటు పుస్తకంతో ఆ షెడ్లకు వెళ్తాము. మాత్రలు మేము పంచము. మొదటిసారి మా వాళ్ళే వెంటబెట్టుకొని బస్తీ దవాఖానాకు తీసుకొనిపోయి అక్కడ పేరు నమోదు చేయిస్తారు. తరువాత మేము చూసేది రక్తపోటు, మాత్రలు ఎన్ని మిగిలాయన్నది మాత్రమే. పని ముగిసి వేరే చోటికి తరలిపోయేవారితోనే మా ఇబ్బంది. అందుకని కార్డు వారి చేతికే ఇచ్చి, ఫోను నంబరు మా పుస్తకంలో వ్రాసుకొంటున్నాము.

నిన్నటి ఆదివారం పుస్తకంలో 41 పేర్లున్నాయి. 37 మంది వచ్చారు. రాని నలుగురి పేర్ల ప్రక్కన ‘ఎక్స్’ గుర్తు పెట్టాము. ఇద్దరు తెల్లాపూర్‌లో మరొక కట్టడం మీద ఉన్నారట. ఒకరు దసరాకు ఊరికి వెళ్ళి ఇంకా రాలేదు. నాలుగవ మనిషి ఫోను ఎత్తడం లేదు. ఈ రాత్రి మళ్ళీ చేస్తామని మా కుర్రవాడు చెప్పాడు.