డ్రాక్యులా చచ్చాడా? నాకైతే డౌటే!

"దెయ్యాల కథలో లాజిక్ ఏంటి గురూ? చదువు, భయపడు, పడుకో." మొన్న లంచ్ దగ్గర మా టీములో ఒకాయన ఇచ్చిన ఉచిత సలహా. నేనొప్పుకోను. అసలు దెయ్యాల కథకే లాజిక్ ఎక్కువ కావాలి.

బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన డ్రాక్యులానే తీసుకోండి. సినిమాలు మర్చిపోండి. ఎండ తగిలి చచ్చిపోవడం సినిమావాళ్ళ కల్పన. నవలలో వాడు పట్టపగలే లండన్ పికడిల్లీలో తిరుగుతాడు.

18వ అధ్యాయంలో వాన్ హెల్సింగ్ అందర్నీ కూర్చోబెట్టి రూల్సు చెప్తాడు. అచ్చం మన రిక్వైర్‌మెంట్స్ మీటింగే. వీడు తోడేలు కాగలడు, గబ్బిలం కాగలడు, పొగమంచు కాగలడు, వెన్నెల్లో ధూళిలా రాగలడు. కానీ తన చోట లేనప్పుడు రూపం మార్చాలంటే మిట్టమధ్యాహ్నం, లేదా సరిగ్గా సూర్యోదయ, సూర్యాస్తమయ వేళలు మాత్రమే. చంపాలంటే గుండెలో కొయ్యమేకు దించాలి, లేదా తల నరకాలి. పాపం లూసీకి రెండూ చేసి, నోట్లో వెల్లుల్లి కూడా కుక్కారు.

ఇక క్లైమాక్స్. నవంబర్ 6, డ్రాక్యులా కోట దగ్గర. పెట్టెలో పడున్న వాడు కుంగుతున్న సూర్యుణ్ణి చూస్తాడు, కళ్ళలో గెలుపు మెరుస్తుంది. అంతలో జోనథన్ కుక్రీ గొంతు కోస్తుంది, క్విన్సీ మోరిస్ కత్తి గుండెలో దిగుతుంది. మేకు లేదు, వెల్లుల్లి లేదు. క్షణంలో ఒళ్ళంతా ధూళై మాయం!

అయ్యా, ధూళి కాగలిగినవాడు, సరిగ్గా రూపం మార్చగలిగే వేళకి ధూళైపోతే దాన్ని చావంటారా, లాగౌట్ అంటారా?

'మినా నుదుటి మీద మచ్చ పోయిందిగా' అంటారు. నిజమే, చచ్చాడనే రచయిత ఉద్దేశం. నేననేదీ అదే. టెస్ట్ కేస్ పాసయింది, కానీ స్పెక్‌లో లేని దారిలో. గొంతు కోస్తే తల నరికినట్టే అంటారా? మరి లూసీకి అంత తతంగం ఎందుకు చేసినట్టు?

ఇప్పుడు మన హిరణ్యకశిపుణ్ణి చూడండి. అదీ సంధ్యవేళే. పగలూ కాదు, రాత్రీ కాదు. ఇంట్లోనూ కాదు, బయటా కాదు, గడప మీద. నేలా కాదు, నింగీ కాదు, తొడ మీద. చంపింది మనిషీ కాదు, మృగమూ కాదు. ఆయుధం లేదు, గోళ్ళే. వరంలో ఒక్క షరతు కూడా తప్పలేదు, వాడు మాత్రం చచ్చాడు. 'ఎలా చచ్చాడు?' అని మనవడడిగితే బామ్మ దగ్గర జవాబుంది. స్టోకర్ దగ్గర లేదు.

నా బాధల్లా ఒకటే. పొద్దుగూకేలోపు పట్టుకోవాలన్న రూలు ఉండబట్టే ఆ చివరి పేజీల్లో మన గుండె కొట్టుకుంటుంది. భయం పుట్టేదే రూల్లోంచి. ఆ రూలుని వాడుకుని వాడుకుని, ఆఖరి పేజీలో రచయితే గాలికొదిలేస్తే మోసపోయేది పాఠకుడే.

'దెయ్యాల కథేగా' అన్న మాటకీ, 'ఇంటర్నల్ టూలేగా, ఎవడు చూస్తాడు' అన్న మాటకీ నాకు పెద్ద తేడా కనపడదు. రెండూ రిలీజ్ రోజు రాత్రే లేచి కూర్చుంటాయి.