పాతబస్తీ చూడాలంటే ఎక్కడ దిగాలి?

మొన్న విశాఖ నుంచి పెద్దమ్మా పెదనాన్నా వచ్చారు. మా ఇంట్లో రంగులు వేస్తున్నారు. అందుకని తెలివిగా ఆఫీసు పక్కనే, హైటెక్ సిటీలో, బోలెడు రేటింగున్న హోటల్ బుక్ చేశాను. వాళ్ళు చూడాలన్నదేమో చార్మినారూ, సాలార్‌జంగ్ మ్యూజియమూ. అక్కణ్ణుంచి దాదాపు 20 కిలోమీటర్లు! పెదనాన్నకి మోకాళ్ళ నొప్పులని కారు మాట్లాడితే, రెండ్రోజులూ ట్రాఫిక్‌లోనే గడిచిపోయాయి. తీరా మ్యూజియానికి వెళ్తే శుక్రవారం, సెలవు. "పోనీలే నాన్నా, ఫొటోల్లో చూస్తాం" అంది పెద్దమ్మ. ఆ మాట ఇంకా గుచ్చుతూనే ఉంది.

పోనీ పాతబస్తీలోనే దించుదామా అంటే, అక్కడ పెద్ద హోటలంటే 2010లో తాజ్ వాళ్ళు తెరిచిన ఫలక్‌నుమా ప్యాలెస్. ఉన్నవి 60 గదులు. ఒక్క రాత్రికే పెదనాన్న నెల పింఛను హుష్‌కాకి! మిగిలినవి చాలావరకు లాడ్జీలే.

నా మటుకు నాకు, మూసీకి ఇవతల అఫ్జల్‌గంజ్‌లోనో, నాంపల్లి స్టేషన్ దగ్గరో దిగడం మేలు. నాంపల్లి నుంచి ఎంజీబీఎస్ దాకా మెట్రో ఉంది. అఫ్జల్‌గంజ్ నుంచైతే నయాపూల్ దాటగానే మ్యూజియం. పొద్దున్నే, దుకాణాలు తెరవకముందే బయల్దేరితే, మదీనా, పత్తర్‌గట్టి మీదుగా చార్మినార్‌కి నడిచే వెళ్ళొచ్చు. నడవలేనివాళ్ళకి ఆటో ఉండనే ఉంది.

కాకపోతే డబ్బు కట్టేముందు గది చూడండి. లిఫ్టు పనిచేస్తోందా, కిటికీ రోడ్డు వైపుందా, వేడినీళ్ళు ఎన్నింటిదాకా వస్తాయి... ఇవన్నీ అడగండి. రేటింగులిచ్చేవాళ్ళకి మన పెద్దవాళ్ళ మోకాళ్ళ సంగతి తెలీదు కదా!