ఒక్క గర్వము చాలదు

సంస్కృతమునుండి వచ్చిన మాట భారతీయ భాషలన్నిటను ఒక్కటియే కనుక, దానిని ఉన్నది ఉన్నట్లు నిలిపినచో అనువాదము దానంతట అదియే సిద్ధించునని ఒక నమ్మకము మన అనువాదకులలో వేళ్లూని యున్నది. దేశభాషల ఐక్యతకు ఇది నిదర్శనమని కూడ కొందరు వాదింతురు. ఐక్యత మంచిదే. కాని ఈ వాదము సోమరితనముపై కప్పిన పట్టుబట్ట. అహంకారమును తెలుపు మాటల విషయమున దీనివలన కలుగు నష్టము సామాన్యమైనది కాదు.

హిందీలో 'ఉపన్యాస్' అనగా నవల. మనకు ఉపన్యాసము ప్రసంగము. హిందీలో 'శిక్షా' చదువు. మనకు శిక్ష దండన. ఇట్టి పొరపాటును చూచి పాఠకుడు నవ్వును, అనువాదకుడు దిద్దుకొనును. 'అభిమాన్' విషయమున ఎవరును నవ్వరు. తప్పు జరిగిన పిమ్మట కూడ వాక్యమునకు ఏదో యొక అర్థము మిగులుటయే ఇందుకు కారణము. 'అతనికి తన ధనముపై అభిమానము' అని వ్రాసినచో, హిందీ రచయిత చూపిన మదాంధుడు తెలుగులో ధనమును ప్రేమించు లోభిగా మారిపోవును. మనిషియే మారిపోయినను ఎవరికిని తెలియదు.

ఆ మాట నడచిన త్రోవ చూడుడు. సాంఖ్యులు అహంకారమును నిర్వచించుటకు వాడినది అభిమాన శబ్దమునే. అచ్చట అది దుర్గుణము కాదు. 'నేను', 'నాది' అను ఎరుకకు మూలమైన తత్త్వము. భగవద్గీత 16వ అధ్యాయమున, ప్రసిద్ధమైన పాఠము ననుసరించి, దంభము, దర్పము, అభిమానము ఆసురీ సంపదలో వేరువేరుగ లెక్కింపబడినవి. హిందీ ఈ నిందార్థమును చాలవరకు నిలుపుకొని, మెచ్చుకోలుకు 'స్వాభిమాన్' అను మాటను వాడుకొనుచున్నది. మరాఠీలో అభిమానము మెచ్చదగిన భావము కూడ. బెంగాలీలో అది ప్రియమైనవారు నొప్పించినపుడు కలుగు అలుక. తెలుగులో అది ఆప్యాయత, ఆత్మగౌరవము. అభిమానము చంపుకొని చేయి చాచితి ననువాని యెడ మనకు జాలి కలుగును గాని కోపము కలుగదు.

అయినచో 'గర్వము' అని మార్చిన చాలునందురా? చాలదు. బిడ్డ నెగ్గిన తల్లి గర్వించును. దానిని ఎవరును తప్పుపట్టరు. మెచ్చుకోలుకును నిందకును ఒక్క మాటయే యైన పాఠకుడు దేనిని గ్రహింపవలెను? తెలుగు తన సొంతముగ పొగరు, నిక్కు, బింకము, బెట్టు, టెక్కు, కావరము, మిడిసిపాటు సమకూర్చుకొన్నది. వీనిలో ఏ రెండును ఒకటి కావు. బెట్టు చేయువాడు పిలిచినను పలుకడు. మిడిసిపడువాడు పిలువకయే వచ్చి చెప్పుకొనును. బింకము లోపలి బెదురును దాచును. కావరమునకు బెదురే యుండదు. ఘమండ్, అకడ్, శేఖీ, గురూర్ అను హిందీ మాటలకన్నిటికి ఒక్క గర్వమునే తొడుగుట, ఇంటిల్లిపాదికి ఒకే కొలత చొక్కా కుట్టించుట వంటిది.

ఇది నిఘంటువుల తగవుతో తీరునది కాదు. ఈ మాటలను ఎవరు ఎవరిపై ప్రయోగింతురో గమనింపుడు. భూస్వామి తలయెత్తి నడచిన అది ఠీవి. పాలేరు అట్లే నడచిన పొగరు. అల్లుడు మాటాడకున్న హుందాతనము. కోడలు మాటాడకున్న టెక్కు. ఎవరి తల ఎంత ఎత్తున నిలువవలెనో లోకము ఈ మాటలతోనే శాసించుచున్నది. 1925లో తమిళనాట పెరియార్ ఆరంభించిన ఉద్యమమునకు ఆత్మగౌరవమనియే పేరు కలుగుట ఊరక జరుగలేదు. పైవారు పొగరనిన దానికి క్రిందివారు పెట్టుకొన్న పేరది.

ప్రేమ్‌చంద్ 1932లో వ్రాసిన 'ఠాకుర్ కా కువా' కథను తలచుకొనుడు. జబ్బుపడిన భర్తకు మంచినీరు తెచ్చుటకై చీకటిలో ఠాకూరు బావికడకు వెళ్లిన గంగి, వీరెందుకు అధికులు, మేమెందుకు అల్పులమని తనలో ప్రశ్నించుకొనును. వారి దొంగతనములను, మోసములను లెక్కించి, అంతయు చేసియు తామే అధికులమను వారి 'ఘమండ్'ను తలచును. ఎల్లప్పుడు పైనుండి క్రిందికి విసరబడు మాట అచ్చట క్రిందినుండి పైకి విసరబడినది. దానిని 'గర్వము' అని అనువదించిన వాక్యము సభ్యముగనే యుండును. గంగి మాత్రము అందులో ఉండదు. ఆమెకు తగిన మాట కావరము.

అది మోటుమాట, గ్రంథమున ఇముడదు అనువారు కలరు. ఇమడనిది మాట కాదు, ఆ మాట పలుకు మనిషి యని వారు ఒప్పుకొనిన బాగుండును. కథలో గంగికి ఆ బావినీరు దక్కలేదు. ఆమె కోపమైనను తెలుగు పాఠకునకు దక్కవలదా?

కనుక అనువాదకుడు నిఘంటువు తెరచుటకు ముందు, ఈ మాటను ఎవరు, ఎవరినిగూర్చి, ఎచ్చట నిలిచి పలుకుచున్నారని విచారింపవలెను. ఆ విచారము చేయక వ్రాయు ప్రతి 'గర్వము'ను పాఠకుడు అనుమానించుట న్యాయము.