పేర్లు పడుతుంటే లైట్లెందుకు?

ఈ వారం ఒక టీవీ చానల్‌లో ‘2.0’ మళ్లీ వేశారు. ‘రోబో’కు రెండో భాగం, 2018 నవంబర్ 29న వచ్చిన శంకర్ సినిమా. సెల్‌ఫోన్లన్నీ కలిసి పెద్ద పక్షి అయ్యే ఘట్టం దగ్గర మా వీధి పిల్లలు ఇప్పటికీ కదలరు. సినిమా అయిపోయి పేర్లు పడటం మొదలైందో లేదో, సబ్బు ప్రకటన వచ్చి పడింది. ఒళ్లు మండింది.

థియేటర్లలో ఇంకా అన్యాయం. ఆఖరి సీను కాగానే లైట్లు వేస్తారు, తలుపులు తీస్తారు, కూర్చున్న మనిషిని చీపురుతో లేపుతారు. పేర్లు చదువుతానంటే వెర్రివాణ్ని చూసినట్టు చూస్తారు. హీరో పేరు రాగానే ఈలలు వేసే ఊరికి పనిచేసినవాళ్ల పేర్లు చూసే ఓపిక మాత్రం ఉండదు.

‘2.0’ వాళ్లు విడుదలకు ముందు వదిలిన మేకింగ్ వీడియోలో లెక్కలు ఘనంగా చెప్పారు: 2,150 వీఎఫ్ఎక్స్ (గ్రాఫిక్స్) షాట్లు, 25 స్టూడియోలు, 3,000 మంది టెక్నీషియన్లు. ఆ మూడు వేల మందిలో ఒక్కరి పేరైనా మనకు తెలుసా? వాళ్లలో గ్రాఫిక్స్ వాళ్లకు పెద్ద వి. శ్రీనివాస్ మోహన్. ‘రోబో’కూ, తర్వాత ‘ఆర్ఆర్ఆర్’కూ జాతీయ అవార్డు తెచ్చుకున్నాడు. అదే సినిమాలోని ‘నాటు నాటు’ ఆస్కార్‌కు సంబరాలు చేసుకున్న మనకు ఆ సంగతి పట్టలేదు. నింద మాత్రం వెంటనే వేస్తాం. 2017 దీపావళికి వస్తుందన్న ‘2.0’ ఏడాదికి పైగా వెనక్కి జరిగితే ‘గ్రాఫిక్స్ ఆలస్యం’ అని అందరం అన్నాం.

గ్రాఫిక్స్ అంటే కంప్యూటరే చేసిపెడుతుందని చాలామంది నమ్మకం. రోటో అనే పని ఒక్కటి చూడండి చాలు. నటుణ్ని వెనకున్న దృశ్యం నుంచి వేరు చేయడానికి అతని అంచు వెంబడి గీత గీయాలి. జుట్టు, వేళ్లు, ఎగిరే కొంగు, దేన్నీ వదలకూడదు. సెకనుకు 24 ఫ్రేములు, అయిదు సెకన్ల షాట్‌కు 120. ‘2.0’ త్రీడీ కెమెరాలతోనే తీసిన సినిమా కాబట్టి కుడికంటికి వేరు, ఎడమకంటికి వేరు, మొత్తం 240. సాఫ్ట్‌వేర్ కొంత సాయం చేస్తుంది గానీ దిద్దేది మనిషే. గీత కాస్త వణికినా తెరమీద అంచు మిలమిలలాడుతుంది, షాట్ వెనక్కి వస్తుంది. హాలీవుడ్ నుంచి మన దేశానికి ఎక్కువగా వచ్చేదీ ఈ పనే.

మా మెట్‌పల్లి, కోరుట్ల వైపు ఆడవాళ్లు బీడీలు చుట్టేదీ ఇదే తీరు. వెయ్యికింత లెక్క, బాగాలేవని తీసేసినవాటికి కూలి రాదు, కట్టమీద మాత్రం సేటు గుర్తు.

మళ్లీ గ్రాఫిక్స్‌కే వస్తే, హైదరాబాద్‌లోనూ శాఖ నడిపిన రిథమ్ అండ్ హ్యూస్ అనే అమెరికా గ్రాఫిక్స్ కంపెనీ 2013 ఫిబ్రవరిలో దివాలా తీసింది. అదే నెల ‘లైఫ్ ఆఫ్ పై’లో దాని పనికి ఆస్కార్ వచ్చింది. అవార్డు అందుకున్నాయన వేదికమీద కంపెనీ కష్టం ఎత్తగానే సంగీతం పెంచి మైకు ఆపేశారు. మన థియేటర్ వాళ్లు లైట్లే వేస్తారు, అదొక ఊరట!

పేరు పడితే ఏమొస్తుందని అడుగుతారు. పని చేసినట్టు రుజువు వస్తుంది, దాన్ని చూపించే గ్రాఫిక్స్ చేసే పిల్లలు మరో స్టూడియోలో పని అడుగుతారు. బీడీ కార్మికురాలికైతే పీఎఫ్ పుస్తకంలో పేరుంటేనే తెలంగాణ ప్రభుత్వమిచ్చే జీవనభృతి పింఛన్. ఇరవై ఏళ్లు చుట్టి చూపు తగ్గినా, కంపెనీ పీఎఫ్ కట్టకపోతే ప్రభుత్వం లెక్కలో ఆమె బీడీ చుట్టనే లేదు. ఆ పింఛన్ నాలుగు వేలు చేస్తామని 2023 అసెంబ్లీ ఎన్నికల్లో కాంగ్రెస్ వాళ్లు ఊరూరా చెప్పారు. పెంచే సంగతి తర్వాత చూద్దురు గానీ, ముందు కార్ఖానా కార్ఖానా తిరిగి పీఎఫ్ లేని ఆడవాళ్ల పేర్లు రాసుకోండి.