రెసిడెన్సీకి చదువే రక్ష
మరమ్మతు పూర్తయింది.. ఏటా నిర్వహణ ఎవరిది?

కోఠిలోని బ్రిటిష్‌ రెసిడెన్సీ రెండు శతాబ్దాలుగా నిలిచి ఉంది. అందులో దాదాపు మూడో వంతు కాలం దానికి నీడగా నిలిచింది ఆడపిల్లల చదువే. పునరుద్ధరణ పూర్తై 2023లో భవనం మళ్లీ తలుపులు తెరిచింది. ఇకపై అది సందర్శకులు చూసి వెళ్లే కట్టడంగా మిగలాలా, విశ్వవిద్యాలయంలో సజీవ భాగం కావాలా అన్నదే తేల్చుకోవాల్సిన అంశం.

కంపెనీ కొలువు నుంచి కళాశాలకు..

1798 నుంచి 1805 వరకు నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటుగా ఉన్న జేమ్స్‌ అకిలిస్‌ కిర్క్‌పాట్రిక్‌ మూసీ ఒడ్డున ఈ సౌధాన్ని తలపెట్టారు. శామ్యూల్‌ రస్సెల్‌ నమూనా రూపొందించగా, ఖర్చు నిజాం భరించారు. ఆరు భారీ స్తంభాలు, మెట్లకు ఇరువైపులా సింహాలు కంపెనీ దర్పాన్ని చాటేవి. 1857 జులై 17న తుర్రెబాజ్‌ ఖాన్‌, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వంలో తిరుగుబాటుదారులు దాడి చేసింది ఈ రెసిడెన్సీపైనే. 1949లో మహిళా కళాశాల ఇందులోకి వచ్చింది. 2022లో ఆ కళాశాల మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో ప్రభుత్వం దానికి చాకలి ఐలమ్మ పేరు ప్రకటించింది. భూమి కోసం దొరతనాన్ని ఎదిరించిన మహిళ పేరు రెసిడెంటు దొర ప్రాంగణానికి దక్కడం చరిత్రలో అరుదైన మలుపు.

వాడకం ఒక్కటే చాలదు

అయితే తరగతులు నడిచినంత మాత్రాన భవనం క్షేమంగా లేదు. క్రమంగా శిథిలమై, 2002లో వరల్డ్‌ మాన్యుమెంట్స్‌ ఫండ్‌ ప్రకటించిన ప్రమాదపుటంచు కట్టడాల జాబితాకెక్కింది. అనంతరం ఆ సంస్థ సహకారంతోనే పునరుద్ధరణ సాగింది. డంగు సున్నంతో కట్టిన గోడ తేమను పీల్చి తిరిగి వదులుతుంది. దాని పగుళ్లను సిమెంటుతో పూడిస్తే తేమ లోపలే నిలిచి పూత పెచ్చులూడుతుంది. ఇలాంటి గోడలకు అత్యవసర మరమ్మతుల కన్నా ఏటేటా చేసే చిన్న పనులే ప్రాణం.

ఇందుకు దూరం వెళ్లనక్కర్లేదు. అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం నిత్యం రోగులతో కిటకిటలాడేది. 2020 జులైలో వాననీరు వార్డుల్లోకి చేరడంతో దానిని ఖాళీ చేయించాల్సి వచ్చింది. నిర్వహణ లేని వాడకం రక్షణ కాదనడానికి ఇదే నిదర్శనం.

జిల్లాలకు చేరువలో..

రెసిడెన్సీకి ఉన్న అసలు బలం దాని స్థానం. మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌, కాచిగూడ రైల్వేస్టేషన్‌ సమీపంలోనే ఉన్నాయి. సుల్తాన్‌బజార్‌ మెట్రో స్టేషన్‌ దగ్గరే. నల్గొండ, మహబూబ్‌నగర్‌ వంటి జిల్లాల నుంచి వచ్చే విద్యార్థినికి నగర శివార్లలోని ప్రాంగణం కన్నా ఇది అందుబాటులో ఉంటుంది. నగరం నడిబొడ్డున ఇంత సౌలభ్యమున్న ప్రాంగణం ప్రాంతీయ అధ్యయన కేంద్రానికి తగినదే.

అలాగని పాత గదుల్లో మళ్లీ బెంచీలు కిక్కిరిసేలా వేయడం సరికాదు. నీటి గొట్టాలు, రసాయనాలు, భారీ యంత్రాలు అవసరమైన ప్రయోగశాలలు కొత్త భవనాల్లోనే ఉండాలి. పాత భవనంలో పఠన మందిరం, దక్కన్‌ చరిత్ర, మహిళా అధ్యయనాల పరిశోధన విభాగం, సదస్సుల వేదిక ఇముడుతాయి. వారసత్వ కట్టడాల పరిరక్షణలో కోర్సు పెడితే ఆ గోడలే పాఠ్యగ్రంథమవుతాయి. సందర్శకులకు వేరుగా వేళలు నిర్ణయించి, రుసుమును నిర్వహణకే ప్రత్యేకించవచ్చు.

ఇవన్నీ జరగాలంటే విశ్వవిద్యాలయ బడ్జెట్‌లో భవన నిర్వహణకు ఏటా విడిగా పద్దు ఉండాలి. ఆ సొమ్ము ఇతర అవసరాలకు మళ్లకూడదు. సున్నపు పని తెలిసిన మేస్త్రీలతో ప్రతి వానాకాలానికి ముందు కప్పు, గోడలు, నీటి తూములు తనిఖీ చేయించాలి. విరాళాలతో ఒకసారి బాగుచేసిన భవనాన్ని మళ్లీ విరాళాల కోసం ఎదురుచూసే స్థితికి తేకపోవడమే అసలైన పరిరక్షణ.